లూపు వేసిన తాళం: ఒక రాక్ ఆల్బమ్ డైరీ

రోజు 1

ఈసారి డైరీ రాస్తూ చేస్తున్నాను. పోయినసారి మొదలుపెట్టిన ఆల్బమ్ రెండేళ్లు సాగి, ఒక్క పాటా పూర్తి కాకుండానే ఆగిపోయింది. నిన్న ఆ ఫోల్డరు మళ్లీ తెరిచాను. ఒక పాటలో 94 ట్రాకులున్నాయి, అంటే విడివిడిగా రికార్డు చేసి పేర్చిన పొరలు. ఒకే గిటారు వరసకు పదకొండు టేకులు, ఏదీ తీసెయ్యలేదు, ఏదీ ఖాయం చెయ్యలేదు. తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టిన నిర్ణయాలన్నీ అక్కడ కుప్పపడి ఉన్నాయి.

అందుకే ఈసారి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాను. పాటకి 16 ట్రాకులు దాటకూడదు. ఎకో, డిస్టార్షన్ (ధ్వనిని గరుకు చెయ్యడం), రివర్బ్ (గదిలో మోగినట్టు ప్రతిధ్వని) ఏది వాడినా రికార్డు చేసేటప్పుడే ధ్వనిలో కలిసిపోవాలి, తర్వాత వెనక్కి తీసుకునే దారి ఉంచుకోకూడదు. ఏ రోజు వాయించింది ఆ రోజే ఎంచుకుని మిగతా టేకులు చెరిపెయ్యాలి.

ఉన్న సరంజామా: ఎలక్ట్రిక్ గిటారు, బేస్ గిటారు, 15 వాట్ల వాల్వ్ యాంప్, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్), ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబెట్టే లోతైన డ్రమ్) మాత్రమే ఉన్న డ్రమ్ సెట్టు. మైకులనీ గిటార్లనీ కంప్యూటర్‌కి కలిపే నాలుగు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్. ఒక షూర్ ఎస్.ఎం.57, రెండు చిన్న కండెన్సర్ మైకులు, కిక్ కోసం ఒక పెద్ద డైనమిక్ మైకు. రికార్డింగు రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. వీటితోపాటు ఒక పాత క్యాసెట్ డెక్కు. దాన్ని బల్ల మీద పెట్టాను కానీ దానితో ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.

రోజు 4

ఈ రోజంతా గదికే సరిపోయింది. పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 2.9, ఎత్తు 2.7. గాలిలో ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ అంకెని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే గది ఏ స్వరం దగ్గర గుమ్మంటుందో తేలుతుంది. పొడవు వైపు 50 హెర్ట్జ్, వెడల్పు వైపు 59, ఎత్తు వైపు 63.5. బేస్ గిటారు లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో (మెడ మీది మెట్టు) ఉండే జి స్వరం 49 హెర్ట్జ్. అందుకే ఆ ఒక్క స్వరం మీటితే గది మొత్తం లేచి నిలబడుతుంది, రెండు ఫ్రెట్లు కిందకి వచ్చి ఎఫ్ మీటితే మామూలుగా ఉంటుంది. లెక్క వేసుకున్నాక కంప్యూటర్లో 40 నుంచి 80 హెర్ట్జ్ దాకా ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ శుద్ధ స్వరాన్ని వినిపించి, గదిలో మెల్లగా నడిచాను. గోడ దగ్గర గుమ్మన్న స్వరం గది నడిమధ్యకి వచ్చేసరికి దాదాపు మాయమైంది.

ధ్వనిని పీల్చే రాక్‌వూల్ పలకలు 10 సెంటీమీటర్ల మందంవి చెక్క చట్రాల్లో బిగించి, గుడ్డ చుట్టి, గోడకి మరో 10 సెంటీమీటర్లు ఎడంగా నిలబెట్టాను. మాట పొడిబారింది, చప్పట్లు కొడితే వచ్చే టంగుమనే మోత పోయింది. 50 హెర్ట్జ్ గుమ్ము మాత్రం పోలేదు. ఆ అల పొడవు దాదాపు ఏడు మీటర్లు, ఈ మందం దాన్ని ఆపలేదు. చేయగలిగింది కూర్చునే చోటు మార్చుకోవడమే. ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరం, అంటే 1.3 మీటర్ల దగ్గర కుర్చీ వేసుకున్నాను. చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. నా గదిలో ఆ చోటు నిజంగానే బాగుంది.

రోజు 9

డెక్కుకి పని దొరికింది.

మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీని చేత్తో కొట్టి చూస్తే లోపలెక్కడో సన్నటి గంట లాంటి శబ్దం ఉంది. చెవి ఆనిస్తేనే వినపడుతుంది. దాన్ని పట్టడానికి 27 మిల్లీమీటర్ల పియజో బిళ్లకి (అదురుని కరెంటుగా మార్చే బిళ్ల) వైరు సోల్డర్ చేసి, కమ్మీకి టేపుతో గట్టిగా అంటించాను. మొదట లైన్ ఇన్‌పుట్‌కి పెడితే రేకు డబ్బా మీద వాన పడ్డట్టు సన్నగా వచ్చింది. పియజో బిళ్ల ఒక కెపాసిటర్ లాంటిది, ఇంచుమించు 20 నానోఫారడ్లు. దాన్ని 10 కిలో ఓమ్ల ఇన్‌పుట్‌కి తగిలిస్తే 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కారిపోతుంది. అదే గిటారు కోసం ఉండే 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌లో పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కి దిగుతుంది. వైరు మార్చి పెట్టగానే కమ్మీ లోపలి గంట మొత్తం వచ్చేసింది. నేను విన్నదానికన్నా లోతుగా, కిందెక్కడో మూలుగుతూ.

ఆ శబ్దాన్ని క్యాసెట్ మీద లూపుగా, అంటే ఆగకుండా తిరిగే చుట్టుగా, చేశాను. ఖాళీ క్యాసెట్ స్క్రూలు విప్పి, లోపలి టేపు తీసేసి, 24 సెంటీమీటర్ల ముక్క కోసి, రెండు కొసల్నీ స్ప్లైసింగ్ టేపుతో కలిపి, మూలల రోలర్ల మీదుగా ఒక చక్రం చుట్టూ తిప్పి మళ్లీ మూసేశాను. బిగుతైతే మోటారు ఈడ్చుకుంటుంది, వదులైతే టేపు మడత పడుతుంది. నాలుగోసారికి కుదిరింది. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి, ఆ లెక్కన చుట్టుకి 5.04 సెకన్లు రావాలి. నా డెక్కు కాస్త నిదానం, 5.1 వచ్చింది.

1948లో పారిస్ రేడియోలో పియర్ షాఫర్ అనే ఇంజనీరు గ్రామఫోను రికార్డు మీద గాడిని తనలో తానే మూసేసి, ఒకే చప్పుడు మళ్లీ మళ్లీ వచ్చేలా చేశాడు. అప్పటికి ఆయన చేతిలో టేపు లేదు. ఒక శబ్దం పదిసార్లు తిరిగాక దాని మూలం మర్చిపోయి దాని ఒంపుసొంపులు వినడం మొదలవుతుందనేది ఆయన పట్టుకున్న విషయం. ఈ రాత్రి డెక్కు ముందు నలభై నిమిషాలు కూర్చున్నాను. నాకూ కమ్మీ మాయమైంది. మిగిలింది మూలుగు, గంట, ఆ తర్వాత అతుకు దగ్గర చిన్న టిక్కు. మళ్లీ మూలుగు.

ఆల్బమ్ మొత్తానికి ఇదే ఆధారం.

రోజు 16

మూడు రోజులు వృథా అయ్యాయి, కానీ రాసి పెట్టుకోవాలి.

లూపుని కంప్యూటర్లోకి ఎక్కించి క్లిక్ (సమానంగా పడే తాళపు టక్కు) పెట్టి గిటారు వాయించబోయాను. చుట్టు 5.08కి ఒకసారి, 5.12కి ఒకసారి తిరుగుతోంది. మోటారు ఊగిసలాట, బెల్టు సాగుడు, అతుకు దగ్గర చిన్న తడబాటు. పది చుట్లు తిరిగేసరికి క్లిక్ ఒక చోట, లూపు ఒక చోట. సరే, లూపునే సరిచేద్దామని ఒక్కొక్క చుట్టునీ సాగదీసి, కుదించి గ్రిడ్ మీద, అంటే తెర మీది సమాన తాళం గీతల మీద, కూర్చోబెట్టాను. యాభై తొమ్మిది చుట్లు. అంతా అయ్యాక వింటే ప్రాణం పోయింది. అతుకు టిక్కు గడియారంలా పడుతోంది. సాగదీసిన చోట గంట శబ్దం నీళ్లలో ముంచినట్టు పాలిపోయింది.

నిన్న రాత్రి అదంతా తీసేశాను. తల్లకిందులుగా చేశాను: లూపు జోలికి పోకుండా, గ్రిడ్‌నే లూపుకి వంచాను. ప్రతి టిక్కు దగ్గరా ఒక టెంపో మార్కరు (వేగం గుర్తు). ఒక చుట్టు ఒక బారు, అంటే ఒక ఆవర్తనం. ఆ చుట్టుని ఏడుగా భాగించుకున్నాను, తకిట తకధిమి. నిమిషానికి 82 చొప్పున పడుతుంది, అది కూడా చుట్టు చుట్టుకీ కొంచెం మారుతూ. గిటారు వరస నాలుగు దెబ్బలది. నాలుగూ ఏడూ 28 దెబ్బలకి కలుసుకుంటాయి, అంటే నాలుగు చుట్లకొకసారి, 20 సెకన్లకి ఒక చోట. మధ్యలో అవి రెండూ ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ పోతాయి. కలిసిన చోట కడుపులో ఏదో దిగినట్టుంది.

ఇప్పటినుంచి నియమం ఇదే. క్లిక్ లేదు. లూపు ఎలా నడిస్తే మిగతావన్నీ అలా నడవాలి. ప్రతి పాటకీ డెక్కుని కొత్తగా నడిపించి రికార్డు చేస్తాను, ఒకే కాపీని అన్ని పాటల్లో అతికించను.

రోజు 23

డ్రమ్స్. పగలు పదకొండు నుంచి ఒంటిగంట మధ్యలో మాత్రమే వాయించగలను, కింద వాళ్లు ఇంట్లో ఉండని సమయం అదే. రెండు గంటల్లో మైకులు కదపడానికే గంట పోతోంది.

గ్లిన్ జాన్స్ అనే ఇంజనీరు పేరుమీద చెప్పుకునే పద్ధతి వాడుతున్నాను. స్నేర్‌కి నేరుగా పైన ఒక మైకు, ఫ్లోర్ టామ్ పక్కనుంచి స్నేర్ వైపు చూస్తూ రెండోది, కిక్‌కి ఒకటి. ఇందులో కిటుకంతా పైరెండూ స్నేర్ నుంచి సరిగ్గా ఒకే దూరంలో ఉండడంలోనే ఉంది. మొదట కంటి అంచనాతో పెట్టాను. స్నేర్ అట్టముక్కలా వచ్చింది. దారం తీసుకుని కొలిస్తే 10 సెంటీమీటర్లు తేడా. పది సెంటీమీటర్లంటే ధ్వనికి మిల్లీసెకనులో మూడో వంతు కూడా కాదు, కానీ 1,700 హెర్ట్జ్ దగ్గర ఒక మైకులో ఎత్తు ఇంకో మైకులో పల్లంతో కొట్టుకుపోవడానికి అది చాలు. స్నేర్ పదునంతా ఉండేది ఆ చుట్టుపక్కలే. దారం ఒక కొస స్నేర్ మధ్యలో ఆనించి, ముడి దగ్గర రెండు మైకుల్నీ పెట్టాను. తర్వాత కిక్ మైకు పొలారిటీ (అల ఎత్తుపల్లాలు) తిప్పి చూస్తే కిందనుంచి ఎద్దు బలం వచ్చింది. ఏ ప్లగిన్ (ధ్వనిని మార్చే సాఫ్ట్‌వేర్) చెయ్యని పని ఒక దారం ముక్క చేసింది.

హై-హ్యాట్ (కాలితో మూసే రెండు తాళాల జత) లేకపోవడం నేను కావాలని చేసుకున్నది. హై-హ్యాట్ ఉంటే చెవి దాన్నే తాళంగా పట్టుకుంటుంది, లూపు వెనక్కి పోతుంది.

వాయించడం మాత్రం కష్టంగా ఉంది. హెడ్‌ఫోన్స్‌లో లూపు ఒక్కటే. మొదటి రోజు ప్రతి చుట్టులోనూ ముందే వెళ్లిపోయాను, ఎందుకంటే నా చేతులు క్లిక్‌తో నేర్చుకున్నవి. రెండో రోజు వాయించకుండా వినడానికే గంట కేటాయించాను. అతుకు టిక్కుకి ముందు మూలుగు కొద్దిగా పల్చబడుతుంది. అది వినపడితే టిక్కు ఎప్పుడు పడుతుందో ఒళ్లే చెబుతుంది. పద్నాలుగో టేక్ ఉంచాను. మూడో నిమిషంలో ఒక చోట కర్రలు రెండూ తగిలిన చప్పుడుంది, అదీ ఉంచాను.

రోజు 31

శ్రుతి గొడవ. ట్యూనర్‌తో శ్రుతి చేసిన గిటారు లూపు పక్కన పుల్లగా ఉంది. కొలిస్తే కమ్మీ గంట ఎఫ్ షార్ప్ కన్నా 30 సెంట్లు (సెంటు అంటే పక్కపక్క రెండు ఫ్రెట్ల తేడాలో వందో వంతు) పైన పలుకుతోంది, ఎఫ్ షార్ప్ కాదు, జి కూడా కాదు. గంటని దించే మార్గాలున్నాయి, కానీ నియమం నియమమే. ట్యూనర్‌లో ఎ స్వరాన్ని 440 నుంచి 448కి జరిపి గిటారు, బేస్ రెండూ దానికే శ్రుతి చేశాను. ఒక్కసారిగా గది సర్దుకున్నట్టయింది. గంట చెవికి ఇప్పుడు వేరుగా తగలడం లేదు, తీగల్లోంచే వస్తున్నట్టుంది.

గిటారుని మామూలుగా వాయించింది తక్కువ. ఏడో ఫ్రెట్ దగ్గర తీగల కింద సన్నటి స్క్రూడ్రైవరు దూర్చాను. అక్కడ తీగ సరిగ్గా మూడో వంతులో విడిపోతుంది కాబట్టి స్క్రూడ్రైవరుకి ఒక పక్క మీటితే ఇంకో పక్క తీగ కూడా దానంతటదే మోగుతుంది. మూడో వంతు నుంచి అర సెంటీమీటరు జరిపితే ఆ రెండో మోత చచ్చిపోతుంది. రెండో పాట మొత్తం ఈ ఒక్క భంగిమ మీదే నడుస్తుంది. అదే లూపు, కానీ చుట్టుని పదిగా కోశాను, కాబట్టి నిమిషానికి 118.

మూడో పాటకి డ్రమ్స్ లేవు, ఫీడ్‌బ్యాక్ (యాంప్ మోతకి గిటారు తీగ తనంతట తనే మోగడం) మాత్రమే. యాంప్‌ని ఎస్.ఎం.57తో పట్టాను. యాంప్ నుంచి వచ్చిన ధ్వని తీగకి చేరేసరికి తీగ ఊపుతో కలిసొస్తే ఆ స్వరం పెరుగుతుంది, ఎదురొస్తే అణుగుతుంది. కలుస్తుందా లేదా అనేది దూరాన్ని బట్టి. ఒక అడుగు వెనక్కి వేస్తే వేరే స్వరం పుడుతుంది. రెండు మధ్యాహ్నాలు గదిలో అంగుళం అంగుళం నడిచి, స్వరం పుట్టిన ప్రతిచోటా నేల మీద రంగు టేపు ముక్క అంటించాను. పదకొండు ముక్కలు, వాటి పక్కన పెన్నుతో స్వరం పేరు, నేను ఏ వైపు తిరిగి నిలబడాలో బాణం గుర్తు. బాణం ఎందుకంటే సింగిల్ కాయిల్ పికప్ (తీగ కదలికని పట్టే ఒంటి చుట్ట) కరెంటు గుర్రుని పట్టుకుంటుంది, ఒక్కో దిక్కుకి తిరిగితే అది దాదాపు పోతుంది. ఇప్పుడు ఈ పాట వాయించడమంటే నేల మీద నడవడమే.

చెవుల గురించి ఒక మాట. అమెరికాలోని నియోష్ అనే వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. యాంప్ ముందు నేను నిలబడేది ఆ మోతలోనే. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని పది నిమిషాలు వాయించి, అరగంట బయటకి వెళ్లిపోతున్నాను. ఇందులో బేరం లేదు.

రోజు 38

హార్డ్ డిస్క్ పోయింది. మూడో పాట గిటారంతా అందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి ఇంటి బయట ఉండాలన్న సూత్రం తెలిసి కూడా పాటించలేదు. నిన్నంతా డైరీ ముట్టుకోబుద్ధి కాలేదు.

ఇవాళ గదిలోకి వెళ్తే నేల మీద టేపు ముక్కలు అలాగే ఉన్నాయి. యాంప్ నాబ్‌ల స్థానాలు ఫోన్లో ఫోటో తీసి ఉంచాను. మొదటి ముక్క మీద నిలబడ్డాను. సాయంత్రానికి పాట మళ్లీ వచ్చింది, పోయినదానికన్నా రెండు నిమిషాలు చిన్నగా. పోయినదాంట్లో వెతుకులాట ఉండేది, ఇందులో నేరుగా వెళ్లిపోయాను. ఏది మంచిదో పోల్చుకునే అవకాశం ఇక లేదు.

ఇప్పుడు ప్రతి రాత్రీ కాపీ రెండో డిస్క్ మీదకి పోతుంది, ఆదివారం ఆదివారం ఇంకోటి తమ్ముడి దగ్గరికి పోతుంది.

రోజు 52

గొంతు. అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే.

మొదటి అడ్డంకి లేటెన్సీ, అంటే కంప్యూటర్ గుండా వచ్చేసరికి అయ్యే ఆలస్యం. బఫర్ 512 శాంపిల్స్ పెట్టి ఉంటే నా గొంతు హెడ్‌ఫోన్స్‌లోకి 10 మిల్లీసెకన్లకి పైనే ఆలస్యంగా వస్తుంది. గిటారుకి అది సర్దుకుపోవచ్చు, గొంతుకి కుదరదు. పుర్రెలోంచి వినపడే గొంతూ హెడ్‌ఫోన్స్ గొంతూ ఒకదాని మీద ఒకటి పడి, నా గొంతు నాకే గొట్టంలోంచి వచ్చినట్టుంది. ఇంటర్‌ఫేస్‌లోంచే నేరుగా వినే మీట నొక్కి, ఒక చెవి మీద హెడ్‌ఫోను పక్కకి జరిపాక నిలకడ వచ్చింది.

రెండోది మాటలు. తెలుగు మాట దాదాపు ప్రతిదీ అచ్చుతో ముగుస్తుంది, స్వరం నిలబెట్టుకోవడానికి అది వరం. కానీ రాక్ వరసకి అక్కడక్కడ తెగగొట్టే మాట కావాలి. దానికి ద్విత్వాలు దొరికాయి. ఉక్కు, గుట్ట, రెక్క, మట్టి, తప్పు. ఈ మాటల మధ్యలో ఊపిరి ఒక్క క్షణం పూర్తిగా ఆగి మళ్లీ పేలుతుంది. స్నేర్ పడే చోట్లన్నీ ఇలాంటి మాటలతో నింపాను. రెండో పాటలో కొన్నిచోట్ల స్నేర్ తీసేసి మాటనే వదిలాను.

ఇంకో ఇబ్బంది నేను ముందుగా ఊహించలేదు. మొదటి పాట "కల తెగి" అని మొదలయ్యేది. మొదటి అక్షరం రెండు దెబ్బలు నిలవాలి. పాడి తమ్ముడికి పంపితే ఫోన్ చేశాడు.

"అక్కా, కాలు తెగిందెవరికి?"

"కాలేంట్రా, కల."

"నాకు కాల అనే వినపడింది."

వాడి తప్పేం లేదు. హ్రస్వాన్ని రెండు దెబ్బలు సాగదీస్తే అది దీర్ఘమే. లఘువు ఉన్నచోట స్వరం పొట్టిగా ఉండాలి, గురువున్నచోటే నిలబడాలి. పద్యం చదివేవాళ్లకి ఇది పుట్టుకతో తెలిసినంత మామూలు సంగతి, నేను వరస ముందు కట్టి మాటలు తర్వాత పోసేసరికి మర్చిపోయాను. "రాత్రి తెగి" అని మార్చాను. రా అక్షరం ఎంతసేపైనా నిలుస్తుంది. ఆ తర్వాత నాలుగు పాటల సాహిత్యం మళ్లీ మొదటినుంచి చూసుకున్నాను, సాగే చోట దీర్ఘముందా లేదా అని వేలు పెట్టి. పదిహేడు మాటలు మారాయి.

వాడు ఇంకో మాట కూడా అన్నాడు. వాడికి సంగీతం పరిచయం లేదు, అందుకే పంపుతున్నాను.

"అక్కా, రెండో చరణంలో నువ్వు గొంతు దాచుకుంటున్నావు. పక్కింటివాళ్లు వింటారనా?"

నిజం. గోడ పల్చన. పై స్థాయికి వెళ్లే చోటల్లా మైకుకి 5 సెంటీమీటర్ల దగ్గరకి వచ్చి మెల్లగా పాడుతున్నాను. ఒక దిక్కు నుంచే ఎక్కువగా పట్టే ఇలాంటి మైకుకి అంత దగ్గరగా పాడితే కింది ధ్వనులు లావెక్కి గొంతు నిండుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. లోపల బలం లేదని వాడి చెవి పట్టేసింది. మర్నాడు పక్కింటివాళ్ల తలుపు తట్టి, నాలుగు రోజులు సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా గట్టిగా పాడతానని చెప్పాను. సరేనన్నారు, పైగా ఏం పాట అని అడిగారు. మైకుకి జానెడు దూరం జరిగి పాడాను. అంతే తేడా.

రోజు 64

నాలుగో పాట కోసం డెక్కు నడిపిస్తే చుట్టు 5.15 సెకన్లకి వచ్చింది. బెల్టు ఇంకా సాగింది. టేపే నెమ్మదిగా నడుస్తోంది కాబట్టి శ్రుతి కూడా 17 సెంట్లు దిగింది. ట్యూనర్ 448 నుంచి 443.5కి దించాను. దీన్ని కంప్యూటర్లో సగం వేగానికి తిప్పితే ఒక స్థాయి కిందకి పడి, చుట్టు పది సెకన్లపైన సాగింది. కమ్మీ గంట కాస్తా ఏదో పెద్ద జంతువు ఊపిరిలా మారింది. దానిమీద బేస్ ఒక్కటే, నిమిషానికి ఐదారు స్వరాలు.

మెట్ల దారి ప్రతిధ్వని కూడా పట్టాను. 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా 15 సెకన్ల పాటు పైకెక్కే స్వరాన్ని స్పీకరులో వినిపించి, రెండు అంతస్తుల పైన మైకులో పట్టి, వెనక్కి లెక్క కట్టిస్తే ఆ చోటు ప్రతిధ్వని ముద్ర చేతికొస్తుంది. ఆంజెలో ఫరీనా అనే ధ్వని పరిశోధకుడు 2000లో వివరించిన పద్ధతి ఇది. కమ్మీ శబ్దం పుట్టిన మెట్ల దారిలోనే ఇప్పుడు నా గొంతు మోగుతోంది. ఆల్బమ్‌లో ఈ ఒక్క రివర్బే ఉంటుంది, ఇంకేదీ వాడను.

రోజు 81

ఆరో పాటకి ముందు లూపు తెగింది. అతుకు దగ్గరే. కొసలు నలిగిపోయాయి కాబట్టి 3 మిల్లీమీటర్లు కోసి మళ్లీ అతికించాల్సి వచ్చింది. అంతకుముందే బెల్టు మార్చాను, వేగం పాత స్థాయికి వచ్చింది. మూడు మిల్లీమీటర్లంటే సెకనులో వందో వంతులు ఆరు. చుట్టు 5.04కి తగ్గింది. ఇక్కడ ఒక సంగతి బాగా నచ్చింది: బెల్టు సాగినప్పుడు తాళమూ శ్రుతీ రెండూ దిగాయి, ఇప్పుడు తాళం మాత్రమే పెరిగింది. టేపు వేగం అదే, చుట్టే చిన్నదైంది.

ఇంకో మార్పు కూడా ఉంది. ఇన్ని వారాలు హెడ్‌కి రాసుకుని రాసుకుని టేపు మీది పూత అరిగింది. మొదటి పాటలో గంటకి ఉన్న మెరుపు ఇప్పుడు లేదు. మూలుగు మిగిలింది, పైది పొగమంచులా ఉంది. పాటల క్రమం గురించి నెల రోజులుగా కొట్టుకుంటున్నాను. ఇక కొట్టుకోనక్కర్లేదు. రికార్డు చేసిన వరసలోనే పెడతాను, లూపు అరుగుదల వినపడేట్టు. ఆరో పాటలో లూపు, గొంతు, అంతే.

రోజు 97

మిక్సింగు, అంటే ట్రాకులన్నిటినీ తూకం చూసి కలపడం. ట్రాకులు 16 దాటలేదు కాబట్టి పాటకి రెండు రోజులు చాలుతున్నాయి. సగటు మట్టం డిజిటల్ గరిష్ఠానికి 18 డెసిబెల్స్ కింద, పైన కావలసినంత చోటు. ఎక్కువసేపు మాట్లాడుకునే గొంతు కన్నా తక్కువ మోతలో వింటున్నాను. మోత పెరిగితే చెవికి కింది, పై ధ్వనులు ఎక్కువగా వినపడతాయని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. గట్టిగా విని సరిచేసిన మిక్సు మెల్లగా వింటే బేస్ లేకుండా పోతుంది. మెల్లగా విన్నప్పుడు నిలబడింది గట్టిగా విన్నా నిలబడుతోంది. అప్పుడప్పుడూ మోనోలో (ఎడమ, కుడి ఒకటిగా కలిపి) కూడా వింటున్నాను. రెండో పాటలో రెండు గిటార్లు మోనోలో సగం కరిగిపోయాయి, ఒకటి తీసేశాను.

ఐదో పాట దగ్గర ఇరుక్కున్నాను. అన్నిటికన్నా బరువైన పాట అది, చుట్టుని పదకొండుగా కోసినది. గిటార్లు గోడ కట్టినట్టుండాలని వాటిని పెంచుతూ పోయాను. డ్రమ్స్ కుంటుతున్నట్టు వినపడటం మొదలైంది. ఒక్కొక్క దెబ్బనీ జరపాలా అని కూడా అనుకున్నాను. తమ్ముడికి పంపాను.

"అక్కా, అది ఎక్కడికి పోయింది?"

"ఏది?"

"టిక్, టిక్ అంటుందే. అది లేకపోతే వాయించేవాళ్లు దేన్ని చూసుకుని వాయిస్తున్నారో తెలీట్లేదు."

లూపు గిటార్ల కింద పూడిపోయింది. నాకు అది తలలోనే వినపడుతోంది, వందసార్లు విన్నాను కాబట్టి. గిటార్లని 3 డెసిబెల్స్ దించి, 2,000 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య వాటికి చిన్న పల్లం తీసి లూపు టిక్కుకి చోటిచ్చాను. డ్రమ్స్‌ని ముట్టుకోలేదు. కుంటు పోయింది. అవి కుంటింది లేదు, ఆనుకున్న గోడని నేనే తీసేశాను.

రోజు 108

మాస్టరింగు (విడుదలకి ముందు మొత్తం ఆల్బమ్‌కి చివరి సర్దుబాటు) నేనే చేస్తున్నాను, వారం రోజులు ఏమీ వినకుండా ఉండి. స్ట్రీమింగ్ వేదికల్లో చాలావరకు మైనస్ 14 లఫ్స్ (వినపడే సగటు మోతకి కొలత) చుట్టుపక్కలకి మోతని సమం చేస్తాయి, యాపిల్ మ్యూజిక్‌ది మైనస్ 16. అంతకన్నా మోతగా నొక్కినా అక్కడ దించేస్తారు కాబట్టి నొక్కడం వల్ల పోయేదే కానీ వచ్చేది లేదు. నాది మైనస్ 15.2 వచ్చింది, అక్కడే వదిలాను. ట్రూ పీక్ (ధ్వని అల తాకే అసలు గరిష్ఠం) మైనస్ 1 డెసిబెల్. నాలుగో పాట మిగతావాటికన్నా బాగా మెల్లగా ఉంది. దాన్ని విడిగా పెంచలేదు, మూడో పాట ఫీడ్‌బ్యాక్ తర్వాత ఆ నిశ్శబ్దం అలాగే రావాలి. 24 బిట్ మాస్టరు ఒకటి, డిథర్ (కుదింపు గరుకుని కప్పే సన్నటి రొద) వేసి 16 బిట్‌కి దించింది ఒకటి.

మొత్తం 36 నిమిషాల 20 సెకన్లు. మూడు పాటలు ఒక వైపు, మూడు ఇంకో వైపు, రెండు వైపులా పద్దెనిమిది నిమిషాల చిల్లర. 40 నిమిషాల క్యాసెట్‌లో సుఖంగా పడుతుంది. ఇరవై క్యాసెట్లు నేనే కాపీ చేస్తాను, అదే డెక్కు మీద. డిజిటల్ విడుదల బ్యాండ్‌క్యాంప్ అనే సంగీతం అమ్మే వెబ్‌సైటులో.

రోజు 113

మొదటి వైపు ముగిసే చోటు కుదరలేదు. మూడో పాట చివరి స్వరం ఆగగానే టేపు ఖాళీగా తిరిగే చప్పుడు వస్తుంది, అది మరీ అకస్మాత్తుగా ఉంది. లూపు ఒక చుట్టు ఒంటరిగా తిరిగి ఆగితే బాగుంటుంది. పాత రికార్డింగులోంచి ఒక చుట్టు కోసి పెట్టొచ్చు, కానీ అప్పటి లూపుకి మెరుపు ఉంది, ఇప్పటిది వేరు. రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. మూడో పాట నాటి చుట్టే అక్కడ ఉండాలి, ఆ రోజు టేక్ తోకలో మిగిలిన ఐదు సెకన్లు దొరికాయి. తమ్ముడి దగ్గరున్న కాపీలో. వాడు పొద్దున్నే పంపిస్తానన్నాడు. అది రాగానే అతికించి, ఒకసారి మొదటినుంచి చివరిదాకా విని, మొదటి క్యాసెట్ డెక్కులో పెడతాను.